ఒక చెవి వాలిన కుందేలు

పన్నెండేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. దాని బరువెంతంటే, నిర్మల్ కోట బురుజు మీది ఫిరంగిని భుజానికెత్తుకుని, గోదావరి ఈది, కరీంనగర్ దాకా ఎక్కడా దించకుండా నడిచినంత.

చూశారా, మొదటి పేరాలోనే మొదలుపెట్టాను. ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా ఇంట్లో పాలు పొంగితే ఊరికి వరద వచ్చిందంటాను. చీమ కుడితే పాము కరిచిందంటాను, ఆ పాముకు మీసాలున్నాయని కూడా అంటాను. పత్రికల్లో నా రాతల పైన 'హాస్యం' అని వేస్తారు కాబట్టి ఎవరూ దీన్ని అబద్ధమనరు. నేనే కూరగాయలు అమ్ముకుని ఉంటే ఈపాటికి తూకంలో మోసమని పట్టుకుని ఉండేవాళ్లు. కాబట్టి మీకొక ఉపాయం చెబుతాను. ఇందులో అంకె కనబడితే సగం చేసుకోండి. ఎండను కొంచెం తగ్గించుకోండి. మనుషుల మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను, ఒక్క చోట తప్ప. ఆ చోటేదో చివర చెబుతాను. అప్పటిదాకా ధైర్యం మిగిలితే.

విషయం చిన్నది. ఒక తండ్రి నన్నొక ప్రశ్న అడిగాడు. దానికి జవాబు 'లేదు'. నేను 'ఉంది' అన్నాను.

అంతేనా, ఇంత చిన్న సంగతికి పన్నెండేళ్లా అంటారేమో. నేనూ పన్నెండేళ్లుగా అదే అనుకుంటూ వచ్చాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కుందేళ్లు నన్ను వదలడం లేదు. బజారుకు పోతే బిస్కెట్ల డబ్బా మీద కుందేలు. మంగలి దుకాణంలో క్యాలెండర్ మీద చందమామ, చందమామలో కుందేలు. ఎవరింటికైనా పసిపిల్లను చూడబోతే గౌను జేబు మీద కుందేలు, పాలసీసా మీద కుందేలు, పిల్ల మూతి తుడిచే గుడ్డ మీద కుందేలు. పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ ఒక్క జంతువునే కాపలా పెట్టినట్టుంది. నేను మాత్రం దాన్ని చూడగానే పోలీసును చూసిన దొంగలా పక్క సందులోకి తిరుగుతాను.

పిల్లల పేజీకి పదేళ్లుగా కథలు రాస్తున్నాను. నా అడవిలో ఏనుగు ఉంది, నక్క ఉంది, గాడిదకైతే గుర్తింపు మరీ ఎక్కువ. పేను మీద కూడా నాలుగు వారాలు రాశాను. కుందేలు లేదు. ఈ మధ్య జగిత్యాల నుంచి ఒక చిన్నపిల్ల కార్డు రాసింది. 'మీ అడవిల కుందేళ్లు ఎందుకు లేవు? ఎవరన్న పట్టుకపోయిండ్రా?' అని.

అవును తల్లీ. పట్టుకుపోయారు. ఇల్లిల్లూ తిరిగి బుట్టలో వేసుకుపోయారు.

ఆ కార్డును పంచాంగంలో దాచేశాను. వారం తిరగకుండా మా అమ్మాయి దిండు గలీబు తెచ్చి నా ముందు పరిచింది. దానికి పద్నాలుగేళ్లు. బళ్లో కుట్టుపని నేర్పుతున్నారు. క్లాసులో నలభై మంది ఆడపిల్లలుంటే ముప్పై తొమ్మిది మంది గులాబీ కుట్టారట. మా అమ్మాయి నీలం దారంతో కుందేలును గీసుకుని, ఒళ్లు సగం దాకా కుట్టింది. చెవులింకా కుట్టలేదు.

"గులాబీ కుట్టరాదూ?" అన్నాను.

"కుందేలుకేమైంది బాపూ?"

"ఏం గాలే. పువ్వయితే మంచిగుంటది గదా."

అది నా ముఖంలోకి చూసింది. గలీబు మడత పెట్టుకుని పోయింది. ఆ పిల్ల చేతిలోంచి ఒక కుందేలును నేను తీసేయడం అది రెండోసారి. మొదటిసారి దానికి గుర్తులేదు. నాకుంది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడాది నేను నిర్మల్లో బడిపంతులును. మా ఇంటి వెనక సందులో నకాషీల ఇళ్లు ఉండేవి, కర్రతో బొమ్మలు చేసి రంగులు వేసేవాళ్లు. ఆ సందులో కర్ర మామిడిపండును నిజమనుకుని కొరికిన మేకలున్నాయి, కర్ర చిలకను చూసి గోడ దూకిన పిల్లులున్నాయి. (మేక ఒకటే. పిల్లి సంగతి వదిలేయండి.) మూడో ఇల్లు భూమన్నది. అతనూ, భార్య గంగవ్వా, అరుగు నిండా కుందేళ్లూ.

మిగతావాళ్లు అన్నీ చేసేవాళ్లు. భూమన్న కూడా అడిగితే చిలకలు చేసేవాడు, పండ్లు చేసేవాడు. చేతికి ఊరికే ముక్క దొరికితే మాత్రం కుందేలయ్యేది. అతను చెక్కే పొనికి కర్ర ఎంత తేలికంటే, గట్టిగా తుమ్మితే కుందేలు ఎగిరి గోదావరి ఒడ్డున సోన్ దాకా పోతుంది. ఒళ్లంతా ఒకే ముక్కలో చెక్కేవాడు. చెవులు విడిగా చేసి, చింతగింజల అంటుతో అతికించేవాడు. దాని మీద సుద్ద పూసి, ఆరాక గంగవ్వ నున్నగా రుద్ది ఇస్తే, అతను రంగు వేసేవాడు. అన్నీ బాగానే ఉండేవి. ఎన్ని కుందేళ్లు చేసినా కుడి చెవి నిటారుగా ఉండేది, ఎడమ చెవి సగానికి వాలి ఉండేది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మొండివాళ్లను చూశాను గానీ, ఒకటిన్నర చెవుల కుందేలును పట్టుకు కూర్చున్నవాణ్ని భూమన్ననే చూశాను. నాకదొక పండుగ. సాయంత్రం బడి విడవగానే ఆ అరుగు మీద కూర్చుని మొదలుపెట్టేవాణ్ని.

"భూమన్నా, నిలబడ్డ చెవి ఊరోళ్ల మాటలకు, వాలిన చెవి గంగవ్వ మాటలకా?"

"మీ మాటలకు రెండూ వాలుస్తది సారూ," అనేది గంగవ్వ లోపలి నుంచి.

భూమన్న తల ఎత్తకుండా నవ్వేవాడు. ఎందుకలా చేస్తావని నేనెప్పుడూ అడగలేదు. హాస్యం రాసేవాడికి కారణాలతో ఏం పని? చెవి వాలి ఉంటే చాలు. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్లు. దానికీ ఒక కుందేలు ఇచ్చాడు. అది ఆ వాలిన చెవిని పిడికిట్లో పట్టుకుని నిద్రపోయేది.

ఆ రోజుల్లో భూమన్నకు ఉన్న భయం ఒకటే, బెల్లంపల్లి. అతని అన్న అక్కడ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బొమ్మలు చాలించి రమ్మని కబురు మీద కబురు. 'రంగులేసెటోడు సీకట్ల ఏం జేస్తడు సారూ' అనేవాడు భూమన్న. అలాంటప్పుడు భైంసా నుంచి ఒక పత్తి సేటు కబురు పంపాడు. కూతురికి తొలిచూలు కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు పిల్లవాణ్ని తొట్టెలలో వేస్తారు. ఆ తొట్టెల భూమన్నే చేయాలి. నాలుగు పక్కలా కుందేళ్లు పరుగెత్తాలి, పైన ఇరవై ఒక్క కుందేళ్లు వేలాడాలి. ఇది నచ్చితే భైంసా సేట్లందరి ఇళ్లలో తొట్టెలలు భూమన్నవే అవుతాయి, బెల్లంపల్లి తప్పుతుంది.

మొగుడూ పెళ్లాలిద్దరూ పద్దెనిమిది రోజులు ఆ అరుగు దిగలేదు. ఇది పెంచడం కాదు.

తొట్టెల తయారైందని తెలిసి సేటు గుమాస్తా వచ్చాడు. మునీం అనేవారు. తొట్టెల చూసుకుని, తలూపి, సాయిలు హోటల్‌కు వచ్చి చాయ్ చెప్పాడు. నేనక్కడే ఉన్నాను. నేనెప్పుడూ అక్కడే ఉండేవాణ్ని. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. (సగం చేసుకోండి.)

"అరే బాబా, బొమ్మలైతె మస్తుగున్నయి," అన్నాడు మునీం సాసర్లో చాయ్ పోసుకుంటూ. "మా సేట్‌ను కన్న ఆయి ఒక్కతే పరేషాన్ అయితున్నది. ఊరికి బయలెల్లంగ కుందేలు అడ్డమొస్తె పని గాదంటరు గద. తొట్టెలకు కట్టచ్చునా అంటున్నది ముసలామె."

"గది తొవ్వల అడ్డమొచ్చే కుందేలు," అన్నాడు సాయిలు. "గిది కర్రది. ఏడికి పోయి ఎవరికి అడ్డమొస్తది? కాదంటె సారును అడుగుండ్రి. సారుకు తెల్వని పుస్తకం లేదు."

అందరూ నా వైపు తిరిగారు. ఏమీ లేదు పోండి అంటే అయిపోయేది. ఆ ఒక్క మాటకు నా నోట్లో చోటు లేకపోయింది. హాస్యగాడి వైపు పదిమంది తిరిగాక 'ఏమీ లేదు' అనడమంటే, పెళ్లికి పిలిచి పస్తు పెట్టడం లాంటిదని అప్పట్లో నా నమ్మకం.

"ఒక్కటి అడ్డమొస్తెనే బండి ఎనుకకు మర్లుతది," అన్నాను. "ఇరవై ఒక్కటి నెత్తి మీద ఏలాడితె ఏమైతది? మా తాత తాటాకు పుస్తకంల రాసున్నది. కుందేలు పండుకున్నా కండ్లు మూయదు. అందుకే దాని కింద పండుకున్నోళ్ల కండ్లు మూయిస్తది."

హోటల్ ఘొల్లుమంది. సాయిలు గల్లా మీద చెయ్యి కొట్టి మరీ నవ్వాడు. నాకు ఒళ్లు పులకరించింది. మాట ఎంత బాగా కుదిరిందో చూడండి. మూయదు, మూయిస్తది. ఇప్పటికీ నేను రాసిన వాక్యాల్లో అంత ఒడుపుగా కూర్చున్నవి ఎక్కువ లేవు. ఒక పసివాడి కళ్ల గురించి అంటున్నానని నాకా క్షణంలో తట్టిందా? తట్టలేదు. వాక్యం మాత్రమే తట్టింది.

నవ్వనివాడు మునీం ఒక్కడే. సాసర్లో చాయ్ సాసర్లోనే వదిలేసి లేచాడు.

మర్నాడు తొట్టెల కోసం రావలసిన రెండెడ్ల బండి రాలేదు. కబురు వచ్చింది, తొట్టెల వద్దని. వీలైతే పంతులుగారి తాటాకు పుస్తకం ఒకసారి చూడాలని సేటు అనుకుంటున్నాడని కూడా. ఆ రెండో ముక్క ఊళ్లోకి పాకింది. నన్ను చూసి చుట్ట దాచుకున్నవాళ్లున్నారు. మా ప్రధానోపాధ్యాయుడు, అంతకు ముందు నన్ను మనిషిగా లెక్కపెట్టనివాడు, పుస్తకం బడికి తెమ్మని మర్యాదగా అడిగాడు. మా తాతకు అక్షరం రాదు. మా ఇంట్లో తాటాకులున్నాయి గానీ అవి విసనకర్రలకు.

చెప్పేద్దామనుకున్నానా? అనుకున్నాను. రెండు రోజుల్లో రెండుసార్లు ఆ సందు మొగదాకా పోయాను. రెండుసార్లూ ఎవరో ఎదురై దండం పెట్టారు. అంత మర్యాద చేసినవాళ్ల ముందు పోయి కోతల పంతులునని ఎలా చెప్పుకోవడం? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా మాట విని నవ్వినవాళ్లే గానీ నమ్మినవాళ్లు లేరు. నమ్మితే ఎలా ఉంటుందో అప్పుడే రుచి చూస్తున్నాను. తియ్యగానే ఉంది. అబద్ధం చెప్పను, చాలా తియ్యగా ఉంది.

మూడో రోజు భూమన్న బడికి వచ్చాడు.

మధ్యాహ్నం బెల్లు అప్పుడే కొట్టారు. వరండాలో నేనూ, ప్రధానోపాధ్యాయుడూ, ఇంకో ఇద్దరు సార్లూ నిలబడి ఉన్నాం. భూమన్న చెప్పులు మెట్ల కింద వదిలి, భుజం మీది తువ్వాలలో ఏదో చుట్టి పట్టుకుని వచ్చాడు. ఇక్కడి నుంచి ఏదీ సగం చేయకండి.

"సారూ, ఒక్క మాట."

"తొట్టెల సంగతేనా భూమన్నా? గది..."

"తొట్టెల పోతె పోయింది సారూ. ఇంకోటి అయితది. గది కాదు."

తువ్వాల విప్పాడు. పాత కుందేలు. రంగు పోయి లోపలి సుద్ద కనబడుతోంది. వాలిన చెవి మీద సన్నగా పంటి గాట్లు.

"గిది మొదటిది. మా బిడ్డకు చేసిన. మీకెర్క లేదు, మీరు ఊరికి రాకముందు. అంటు ఆరకముందే పట్టుకొని చెవి గుంజింది, వాలింది. మల్ల నిలబెట్టిన. నవ్వుకుంట మల్ల గుంజింది. ఇగ గట్లనే ఉండనిచ్చిన. అప్పటిసంది ఏ కుందేలు చేసినా గట్లనే చేస్త."

బొటనవేలితో ఆ గాట్లు తడిమాడు. మళ్లీ అన్నాడు.

"దీన్నే తొట్టెలకు కట్టిన సారూ. తొమ్మిది నెలలకు పోయింది. మూడు దినాలు జరమొచ్చింది. కండ్లు మూసుకున్నది, మల్ల తెరవలే."

తువ్వాల కొసతో కుందేలును తుడిచాడు.

"గంగవ్వ మొన్నటిసంది తిండి ముడ్తలేదు. నువ్వే కట్టినవు, నువ్వే కట్టినవు అంటున్నది. మీ పుస్తకంల గా మాట ఉన్నదా సారూ? లేదంటె లేదని చెప్పుండ్రి. పొయ్యి దానికి చెప్త. మీ పేరు చెప్తె ఇంటది."

పిల్లలు పలకలు కడుక్కుంటున్న చప్పుడు వినబడుతోంది. లేదు అనాలి. రెండు అక్షరాలు. అంటే, పుస్తకం లేదనాలి. పుస్తకం లేదంటే, తాత అబద్ధం, తాటాకులు అబద్ధం, నిన్నటిదాకా తీసుకున్న దండాలన్నీ అబద్ధం. నా పక్కన ప్రధానోపాధ్యాయుడు చేతులు కట్టుకుని నా నోటి వైపు చూస్తున్నాడు. ఆ చూపు పోతుంది. దానికి భయపడ్డాను. చచ్చిపోయిన పిల్ల, తిండి మానేసిన తల్లి ఒకవైపు, రెండోవైపు ప్రధానోపాధ్యాయుడి చూపు. తక్కెడలో ఏది మొగ్గిందో చూడండి. ఇదీ నేను.

"ఉన్నది భూమన్నా," అన్నాను.

అతను నన్ను తిట్టలేదు. తల మీద కొట్టుకోలేదు. కొంచెంసేపు ఆ కుందేలునే చూశాడు.

"ఎర్క లేకపాయె సారూ," అన్నాడు. "ఎర్కుంటె కట్టకపోదును."

దాన్ని మళ్లీ తువ్వాలలో చుట్టి, నాకు దండం పెట్టి, మెట్లు దిగి చెప్పులేసుకుని పోయాడు.

ఇక్కడితో ఆగి ఉంటే నా పాపం ఒక మాటతో సరిపోయేది. భూమన్న వేరే మనిషి. తన బిడ్డ పోతే పోయింది, ఊళ్లో బిడ్డలు పోకూడదనుకున్నాడు. మర్నాటి నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని, ఏ ఏ ఇళ్లలో తన కుందేళ్లున్నాయో గుర్తు తెచ్చుకుంటూ, ఇల్లిల్లూ తిరిగాడు. కుందేలుకు బదులు చిలక ఇచ్చేవాడు, లేకపోతే మామిడిపండు. కొందరు అతన్ని పిచ్చివాడన్నారు. కొందరు తలుపు కూడా తియ్యలేదు. పిల్లలు ఏడ్చేవాళ్లు. అతను గడపలోనే కూర్చుని, పిల్ల ఏడుపు మానేదాకా చిలకను ఆడించి, అప్పుడు లేచేవాడు.

నాలుగో రోజు మా ఇంటికి వచ్చాడు.

"సారూ, మీ ఇంట్ల గూడ ఒకటున్నది," అన్నాడు. "మీరు మర్చిపోయిండ్రు గావచ్చు. బిడ్డకు కీడు వద్దు."

మర్చిపోయానట. తాటాకు పుస్తకం ఉన్న పంతులు, పరధ్యానంలో సొంత బిడ్డ పక్కలోనే కీడును మర్చిపోయాడని అతని బాధ. నా బిడ్డను కాపాడడానికి వచ్చాడు. మా అమ్మాయి కుందేలును గుండెకు హత్తుకుంది. భూమన్న బలవంతం చేయలేదు, నా వైపు చూశాడు. మా ఆవిడా నా వైపు చూసింది. అప్పుడైనా చెప్పవచ్చు. అక్కడ ప్రధానోపాధ్యాయుడు లేడు, సాయిలు లేడు, నవ్వేవాళ్లూ నమ్మేవాళ్లూ ఎవరూ లేరు. మేం నలుగురమే. మరి ఎందుకు చెప్పలేదు? బడి వరండాలో సిగ్గు ఆపిందంటే నమ్మండి. మా ఇంట్లో ఏమాపింది? మొన్న ఉన్నదన్నవాణ్ని ఇవాళ లేదంటే, మొన్న ఎందుకన్నానో చెప్పాల్సి వస్తుంది. అది చెప్పడం కన్నా ఇంకోసారి అబద్ధమాడడమే తేలికనిపించింది. మొదటి అబద్ధానికి కారణం వెతకాలి గానీ రెండోదానికి మొదటిదే కారణం.

మా అమ్మాయి వేళ్లు ఒక్కొక్కటే నేనే విప్పాను. ఐదు వేళ్లు. ఆ చెవి చుట్టూ ఎంత గట్టిగా బిగించిందంటే... లేదు, ఏ పోలికా చెప్పను. గట్టిగా పట్టుకుంది. విప్పాను.

ఆ కుందేళ్లన్నిటినీ అతనేం చేశాడో నేను చూడలేదు. రెండు రోజులు ఆ సందులో రంగు కాలిన వాసన వచ్చింది. వారం తిరక్కుండా భూమన్న, గంగవ్వ బెల్లంపల్లి వెళ్లిపోయారు. అరుగు మీద తొట్టెల చాలాకాలం అలాగే ఉండేది. తర్వాత ఎవరో దాన్ని కోళ్లకు వాడుకున్నారు.

నన్ను కరీంనగర్‌కు బదిలీ చేశారు. రాయడం మొదలుపెట్టాను. పెంచి చెప్పడానికి ఊరు చాలక పత్రిక దొరికింది. పేరొచ్చింది. దండాలు పెట్టేవాళ్లకు కొదవ లేదు. సేటు ఏ పుస్తకమూ చూడలేదు, రెండు నెలల్లో అందరూ ఆ సంగతి మర్చిపోయారు. ప్రధానోపాధ్యాయుడు కూడా. ఆయన చూపు కోసం నేనిచ్చింది ఎంతో, ఆయనకు తెలియనే తెలియదు.

నాలుగేళ్ల కింద బెల్లంపల్లిలో ఒక బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచారు, పిల్లల్ని నవ్వించడానికి. సాయంత్రం సభ. పొద్దున్నే దిగి, బాయి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. షిఫ్టు దిగి వస్తున్నవాళ్లలో భూమన్న కనబడ్డాడు. నన్ను గుర్తుపట్టి చాయ్ కొట్టు దగ్గరికి తీసుకుపోయాడు. బెంచీ మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. పుస్తకం లేదు భూమన్నా, తాత లేడు, నేనే పుట్టించాను అని. అతను మసి ముఖంతో, తెల్లటి పళ్లతో నవ్వాడు.

"గాయింత మాటకా సారూ గింత దూరమొచ్చిండ్రు? గది మీ కోతనే అని మాకెర్క లేదా? గంగవ్వ గప్పుడే అన్నది, సారు ముచ్చట్లు నమ్మి నువ్వు ఆగమైతున్నవని."

ఇప్పుడు క్వార్టర్ల పిల్లలకు మళ్లీ కుందేళ్లు చేస్తున్నానన్నాడు. ఇంటికి తీసుకుపోయి చూపించాడు. గంగవ్వ చాయ్ పెట్టింది. వస్తుంటే నా సంచిలో ఒక కుందేలు పెట్టాడు, ఒక చెవి వాలినది.

ఇదిగో, చివర చెబుతానన్న చోటు ఇదే.

భైంసా సేటు నిజం. పద్దెనిమిది రోజులు నిజం, ఇరవై ఒక్క కుందేళ్లు నిజం. బడి వరండా, పంటి గాట్లు, ఐదు వేళ్లు నిజం. బెల్లంపల్లి వెళ్లడం కూడా నిజమే. చాయ్ కొట్టు లేదు. ఆ నవ్వు లేదు. నా సంచిలో కుందేలు లేదు. నాలుగేళ్లుగా ఆ బెంచీ మీది సంభాషణను రోజుకొకసారి నాలో నేనే రాసుకుంటూ, దిద్దుకుంటూ వచ్చాను. ఎంత బాగా కుదిరిందంటే, పై పేరా రాస్తున్నప్పుడు ఒక్క కొట్టివేత కూడా పడలేదు.

జరిగింది ఇది. షిఫ్టు దిగి వస్తున్నవాళ్లలో భూమన్నను చూశాను. నేను గోడ పక్కకు జరిగాను. అతను నన్ను దాటి నడిచాడు. క్వార్టర్ల దాకా వెనకాలే వెళ్లాను. అక్కడ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. ఒక్కో గుమ్మం పక్క గోడ మీద ఒక్కో ప్రాంతపు బొమ్మ, నెమళ్లు, ఏనుగులు, చేపలు. ఆ వరుసలో ఒక్క గోడ మీద మాత్రం ఉత్త సున్నం. భూమన్న ఆ ఇంట్లోకే వెళ్లాడు. గంగవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అతను కాళ్లు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. నేను చూస్తున్నంతసేపూ మాట్లాడుకోలేదు. తిరిగొచ్చి, సాయంత్రం ఎనిమిది వందల మందిని నవ్వించాను. సగం చేసుకోండి, నాలుగు వందలు. తక్కువేం కాదు.

నిన్న మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. గలీబు ఒళ్లో పెట్టుకుని వింది. బెల్లంపల్లి నవ్వు దానికి చెప్పలేదు, చూసింది చూసినట్టే చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"మరి ఆయనకు చెప్పినవా బాపూ?"

"లేదు," అన్నాను.

పన్నెండేళ్ల కింద నోట్లోంచి రాని మాట, ఎంత సులువుగా వచ్చిందో. అది గలీబు తీసుకుని లేచిపోయింది. చెవులు కుట్టిందో లేదో నేను అడగలేదు.

దీనికింద నా పేరు ఉండదు. పేరు చూస్తే మీరు నవ్వడానికి సిద్ధపడతారు. మిగతా పేర్లు మార్చాను. భూమన్న పేరూ, గంగవ్వ పేరూ మార్చలేదు. మారిస్తే ఈ జవాబు ఎవరికి చేరుతుంది? అతనికి చదువు రాదు. బెల్లంపల్లిలో ఎవరైనా ఇది చదివితే, ఆ ఉత్త సున్నం గోడ ఇంటికి వెళ్లి, ఇద్దరూ ఉన్నప్పుడు, చివరి రెండు వాక్యాలు చదివి వినిపించండి. నేను వెళ్లాల్సిన పని మీకు చెబుతున్నానని తెలుసు. ఇదీ నేనే. క్షమించమని అడగొద్దు. నా కోతలేవీ చదవొద్దు.

ఆ పుస్తకం లేదు భూమన్నా. ఆ మాట ఎక్కడా లేదు.